కరాచీ ఏ దిక్కున్నదో నాకెర్క లేదన్నాను

ముందు నేనాడిన ఒక అబద్ధం సంగతి చెప్పుకోవాలి.

2025 మే నెల. మేడ్చల్‌లో మేము రోజూ పొద్దున కూర్చునే హోటల్లో రెండు బల్లలు కలిపి వేసుకుని అయిదారుగురం చాయ్ తాగుతున్నాం. అందరం ఉద్యోగాలు దిగిపోయినవాళ్లమే. అంతకు ముందు రాత్రి, అంటే మే 8 రాత్రి, మన నౌకాదళం కరాచీ ఓడరేవును ధ్వంసం చేసిందని కొన్ని టీవీ ఛానళ్లు ఊదరగొట్టాయి. అది ఉత్త అబద్ధమని తరువాత తేలింది. కానీ ఆ పొద్దున ఆ సంగతి మా హోటల్లో ఎవరికీ తెలియదు. అందరి ముఖాల్లోనూ ఒక పండుగ. ఎవరో ఫ్రూట్ బిస్కెట్లు తెప్పించారు. నా పక్కన కూర్చున్న దోస్తు ప్లేటు నా వైపు జరిపి, "తిను భాయ్, కరాచీ బిస్కెట్లు. ఇగ దొరుకుతయో లేదో" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకాయన, "అవు భాయ్, నీకు ఆడ చుట్టాలు గిట్ల ఉన్నరా?" అని అడిగాడు.

ఆయన గొంతులో విషం లేదు. ఊరికే అడిగాడు. అయినా నా వెన్నులో ఏదో పాకింది.

"నాకెవలున్నరు? కరాచీ ఏ దిక్కున్నదో గూడ నాకెర్క లేదు" అన్నాను. నేనూ నవ్వాను. ఒక బిస్కెట్ తీసుకుని తిన్నాను.

కరాచీ ఏ దిక్కున ఉందో నాకు బాగా తెలుసు. అందులో నేను నలభై రోజులు బతికాను. నా ఇరవై ఒకటో ఏట, 1980 చలికాలంలో. పుట్టిన మేడ్చల్ తరువాత, అమ్మీ పుట్టిన శామీర్‌పేట తరువాత, ఈ భూమ్మీద నేను అంతగా ప్రేమించిన ఊరు ఇంకొకటి లేదు. ఈ మాట రాయడానికి నాకు అరవై ఆరేళ్లు వచ్చాయి. ఎందుకు ఇంత ఆలస్యమైంది? ఒక మనిషి తనది కాని ఊరిని ప్రేమించడం నేరమా? ఆ ఊరు 'శత్రుదేశం'లో ఉంటే ఆ ప్రేమ ద్రోహమవుతుందా? నా అబద్ధం జాగ్రత్తా, పిరికితనమా? ఈ ప్రశ్నలు నన్ను అప్పటి నుంచి నిద్రపోనివ్వడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

ముందు రైలు సంగతి చెప్పాలి. 

ఇప్పుడు మేడ్చల్‌కు ఎం.ఎం.టి.ఎస్. రైలు వస్తున్నది. 2023 ఏప్రిల్‌లో మొదలైంది. కరెంటు బండి. నేను చెప్పేది మీటర్‌గేజ్ కాలం. నిజాం హయాంలో హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే అని వేసిన ఆ సన్నని పట్టాలు 1901 నాటికి మన్మాడ్ దాకా వెళ్లాయి. నా చదువంతా ఆ పట్టాల మీదనే. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే బొల్లారం, అల్వాల్, మల్కాజిగిరి మీదుగా సికింద్రాబాద్. బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చుంటే తెల్లచొక్కా మీద నల్లటి చుక్కలు పడేవి. బయట అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు. పాలక్యాన్ల వాళ్లు, కూరగాయల గంపల వాళ్లు, మిలిటరీ వాళ్లు, మా కాలేజీ పోరగాళ్లు. ఎవరి కులమేదో ఎవరి మతమేదో అందరికీ తెలుసు. అయినా బెంచీ మీద జాగా ఇవ్వడానికి అది అడ్డం రాలేదు. నేను పెద్దమాటలు చెప్పడం లేదు. ఆ డబ్బాలో సమానత్వం ఉందని అనను. ఇరుకు ఉంది. ఇరుకులో సర్దుకోవడం ఉంది.

ఆ స్టేషన్‌లోనే అమ్మీ తన అన్నను సాగనంపింది. 1949లో. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా అయిదు రోజుల్లో పోలీస్ యాక్షన్ ముగిసింది. దాని తరువాతి నెలలు మాత్రం చాలా పొడవు. అంతకు ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన అరాచకాలు ఎవరూ కాదనలేనివి. వాటికి బలైనవాళ్ల దుఃఖం తక్కువది కాదు. కానీ ఆ లెక్క తీర్చింది రజాకార్ల దగ్గరే కాదు. తుపాకీ ముట్టనివాళ్ల దగ్గర, రుమీ టోపీ కూడా లేనివాళ్ల దగ్గర తీర్చారు. మామూ ఒక దఫ్తర్‌లో చిన్న అహల్‌కార్. ఉద్యోగం పోయింది. భయం పట్టుకుంది. ఒకరోజు మేడ్చల్‌లో మన్మాడ్ వైపు పోయే బండి ఎక్కాడు. మన్మాడ్ నుంచి బొంబాయి. బొంబాయి నుంచి ఓడ మీద కరాచీ. "ఆరు నెలల్లో అంతా సద్దుమణుగుతది, వస్తా" అన్నాడట. 1952లో పాస్‌పోర్టులు వచ్చాయి. ఆరు నెలలు ముప్ఫయ్యొక్క ఏళ్లయ్యాయి.

1971 డిసెంబర్ నాకు బాగా జ్ఞాపకం. నాకు పన్నెండేళ్లు. మన నౌకాదళం నిజంగానే కరాచీ మీద దాడి చేసింది. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. బళ్లో మాకు మిఠాయి పంచారు. నేను 'భారత్ మాతా కీ జై' అని అందరికన్నా గట్టిగా అరిచాను. ఎవరో చూస్తున్నారని కాదు. నిజంగానే సంతోషమయ్యే అరిచాను. నా దేశం గెలిచింది. మిఠాయి జేబులో పెట్టుకుని ఇంటికొస్తే అమ్మీ రేడియో ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నేను జేబులోంచి మిఠాయి తీయలేదు. ఆ రోజు మా ఇంట్లో రెండు నిజాలు ఉన్నాయి. నా సంతోషం అబద్ధం కాదు. అమ్మీ ఏడుపు ద్రోహం కాదు. పన్నెండేళ్ల పిల్లవాడికి అర్థమైంది ఈ దేశంలో చాలామంది పెద్దలకు ఇప్పటికీ ఎందుకు అర్థం కావడం లేదు?

యుద్ధం తరువాత రెండు దేశాల మధ్య 1976 జూలైలో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ మొదలైంది. అప్పటి నుంచి అమ్మీకి ఒకటే పాట. కాగితాలు తయారు కావడానికి నాలుగేళ్లు పట్టింది. అబ్బాకు సెలవు దొరకలేదు. డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నది నేనే. తోడు నేనే వెళ్లాను.

శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్‌కు బస్సున్నది. అమ్మీ ఎక్కనన్నది. "భాయిజాన్ ఎక్కిన టేషన్‌లోనే నేనూ ఎక్కుతా" అన్నది. అట్లా మేడ్చల్ ప్లాట్‌ఫారం మీద మా ప్రయాణం మొదలైంది. ప్యాసింజర్‌లో సికింద్రాబాద్. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ. గోదావరి దాటుతుంటే డబ్బాలో అందరూ పైసలు వేశారు. అమ్మీ కూడా వేసింది. ముసల్మాన్ స్త్రీ నదికి పైసలు వేయడమేమిటని ఇప్పుడు రెండు వైపులవాళ్లూ అడుగుతారేమో. అది ఊరందరి అలవాటు. ఆమె కూడా ఆ ఊరిదే.

ఢిల్లీ నుంచి అమృత్‌సర్. అక్కడ సంఝౌతా. సరిహద్దు దగ్గర కస్టమ్స్ ఆయన అమ్మీ మూట విప్పించాడు. ఎండబెట్టిన గోంగూర, చింతపండు, తమలపాకులు, ఒక చిన్న గుడ్డలో కట్టిన మట్టి. "యే క్యా హై?" అని గోంగూర పట్టుకుని అడిగాడు. "అంబాడా" అన్నది అమ్మీ. ఆయనకు అర్థం కాలేదు. వాసన చూసి తుమ్మాడు. మట్టిని చూసి ఏమీ అడగలేదు. మూట మళ్లీ తనే కట్టాడు. ఆయన ఏ దేశం ఆఫీసరో కావాలనే రాయడం లేదు. మంచితనానికి కూడా పాస్‌పోర్టు అడిగే రోజులివి.

లాహోర్ నుంచి కరాచీకి దాదాపు పన్నెండు వందల కిలోమీటర్లు. రాత్రంతా ఎడారి గాలి. తెల్లారగట్ల ఏదో స్టేషన్‌లో బండి ఆగింది. బయట కూలీలు అరుస్తున్నారు: "హైదరాబాద్! హైదరాబాద్!" అమ్మీ ఉలిక్కిపడి లేచింది. చెప్పులు వేసుకుని, మూట చంకన పెట్టుకుని, "లే బేటా, హైదరాబాద్ ఆగయా" అన్నది. అది సింధ్‌లోని హైదరాబాద్. ఎదురుగా కూర్చున్న ఒక ముసలాయన సంగతి గ్రహించి, "బీబీ, ఇది మా హైదరాబాద్. మీది చాలా దూరం" అన్నాడు. అమ్మీ మళ్లీ కూర్చుంది. కొద్దిసేపటికి కోట్రీ వంతెన మీద సింధు నది వచ్చింది. ఆమె కొంగులోంచి పది పైసల బిళ్ల తీసి కిటికీలోంచి నదిలో వేసింది. మన పది పైసలు. సింధు వద్దనలేదు.

మీకు తెలుసో లేదో, ఈ రెండు దేశాల మధ్య వీసా దేశానికివ్వరు. ఊళ్లకిస్తారు. మా కాగితం మీద కరాచీ అని రాసి ఉంది. అంటే ఆ హైదరాబాద్‌లో మేం దిగడానికి కూడా వీల్లేదు. ఏ ఊళ్లో కాలు పెట్టాలో ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. అది వాటి హక్కు. కానీ కాలికి వీసా ఉన్నట్టు మనసుకు వీసా ఉంటుందా?

మామూ ఇల్లు హైదరాబాద్ కాలనీలో. కరాచీలో ఆ పేరుతో మనవాళ్లు కట్టుకున్న బస్తీ ఉంది. బగారా బైంగన్, ఖట్టీ దాల్, మామిడికాయ అచార్ కోసం ఊరంతా అక్కడికి వస్తుంది. బహదూర్ యార్ జంగ్ పేరు మీద బహదూరాబాద్ అని ఇంకో పేట. మామూకు చిన్న కిరాణా దుకాణం. మేం వెళ్లేసరికి పప్పు కొలుస్తున్నాడు. శేరు నింపి పోస్తూ "లాభం" అన్నాడు. తరువాత "రెండు... మూడు..." అని లెక్కపెట్టాడు. మన దగ్గర ఆసాములు వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు గదా, లాభం అంటారు. అరేబియా సముద్రపు ఒడ్డున, ఉర్దూ, సింధీ, పంజాబీ, పష్తో, బలోచీ, గుజరాతీ కలిసి మోగే ఆ ఊళ్లో నా చెవిన పడ్డ మొదటి తెలుగు మాట 'లాభం'. ఆయన కొడుకులు నవ్వేవారట, అబ్బా ఏదో మంత్రం చదువుతాడని.

అన్నాచెల్లెళ్లు కలుసుకున్న సంగతి నేను రాయను. రాయడం చేతకాదు. అంతా సర్దుకున్నాక మామూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న: "శామీర్‌పేట చెర్వు అలుగు పారిందా ఈ యేడు?"

సముద్రం పక్కన ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి చెరువు గురించి అడిగాడు.

ఆ నలభై రోజులూ నేను కరాచీ పొడవునా వెడల్పునా తిరిగాను. సముద్రాన్ని మొదటిసారి చూసింది క్లిఫ్టన్‌లో. మెట్ట ఊళ్లో పుట్టినవాడికి సముద్రం అంటే ఏమిటో చెప్పలేను. కియామారీలో ఓడలు చూశాను. 1971లో మండింది ఇక్కడేనని మామూ చిన్నకొడుకు చూపించాడు. మిఠాయి జ్ఞాపకం వచ్చింది. అతనికి చెప్పలేదు. సదర్‌లో ఇరానీ హోటళ్లు, ఎంప్రెస్ మార్కెట్ గడియారం, బర్న్స్ రోడ్డు నిహారీ. బందర్ రోడ్డు మీద స్వామినారాయణ మందిరం ఉంటే బయట నిలబడి గంట విన్నాను. మేడ్చల్‌లో రోజూ వినే శబ్దమే. అన్నిటికన్నా నాకు నచ్చింది సర్క్యులర్ రైల్వే. ఊరు చుట్టూ తిరిగే రైలు. టికెట్ కొనుక్కుని ఎక్కి, ఎక్కిన చోటే దిగేవాణ్ని. ఫ్యాక్టరీ కూలీలు, నర్సులు, బడిపిల్లలు. నాకు మా మేడ్చల్ ప్యాసింజర్ కనిపించింది. ఇరుకు అదే. సర్దుకోవడం అదే.

అంతటితో ఆగితే అది యాత్రాకథనం అవుతుంది. నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది.

ఒకరోజు మామూ దుకాణం దగ్గర బేరంలో మాటామాటా పెరిగింది. కొనడానికొచ్చినవాడు మామూను ఒక మాటన్నాడు: "తుమ్ హిందుస్తానీ లోగ్..." మామూ ముఖం మాడిపోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్లు అక్కడ బతికి, పన్నులు కట్టి, పిల్లల్ని కన్నవాడు ఇంకా హిందుస్తానీయే. లేకపోతే ముహాజిర్. అంటే వలస వచ్చినవాడు. ఆ మాట ఆయన కొడుకులకు కూడా అంటుకుంది. 1980ల చివర, 1990ల్లో ఆ మాట చుట్టూ కరాచీ వీధుల్లో ఎంత రక్తం పారిందో పేపర్లు చదివినవాళ్లకు తెలుసు. నేను మేడ్చల్ తిరిగి వచ్చిన వారానికి మఫ్టీలో ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఎవరెవరిని కలిశారు, ఏమేం మాట్లాడారు అని రెండు గంటలు అడిగాడు. చెరువు గురించి మాట్లాడామని చెప్పాను. నమ్మలేదు. ఆ తరువాత కొన్నాళ్లు నా వెనకాల 'పాకిస్తాన్ పోయొచ్చినోడు' అనేవాళ్లు. ఆ పేరు చెరిగిపోవడానికి నేను నోరు మూసుకున్నాను. పెళ్లయినాక భార్యకు చెప్పాను. పిల్లలకు చెప్పలేదు. మామూ అక్కడ హిందుస్తానీ, నేనిక్కడ పాకిస్తానీ. ఇద్దరం ఒకే చెరువు నీళ్లు తాగిన కుటుంబం.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను.

నా మటుకు నాకు తోచినదేమంటే, మనవాళ్లు వఫాదారీని, మొహబ్బత్‌ను ఒకటిగా కలిపేస్తున్నారు. విధేయత వేరు, ప్రేమ వేరు. విధేయత నేను బాకీ ఉన్నది. చట్టాన్ని పాటిస్తాను, పన్ను కడతాను, ఓటు వేస్తాను, పొరుగువాడికి హాని తలపెట్టను. ఇది దేశం నన్ను అడగవచ్చు. అడగాలి కూడా. ప్రేమ బాకీ కాదు. దాన్ని ఎవరూ జప్తు చేయలేరు, వసూలు చేయలేరు. 'నువ్వు ఎవరెవరిని ప్రేమిస్తున్నావో జాబితా ఇవ్వు' అని అడిగే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు, ఏ పక్కింటివాడికీ లేదు. పైగా ప్రేమ గింజల మూట కాదు, ఒకచోట పోస్తే ఇంకోచోట తగ్గడానికి. భివండీలో, షోలాపూర్‌లో మూడు తరాలుగా మగ్గం నేసే మన పద్మశాలీలు ఆ ఊళ్లను ప్రేమించారని తెలంగాణ మీద ప్రేమ తగ్గిందా? నా దోస్తు కొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. దోస్తు రెండుసార్లు వెళ్లొచ్చి ఎడిసన్ వీధులను మా హోటల్లో కళ్లకు కట్టినట్టు చెప్తాడు. అందరం సంబరంగా వింటాం. అతన్ని ఎవరూ ఏ దేశం మనిషివని అడగలేదు. అడగకూడదు కూడా. నాకూ అంతే కావాలి. అంతకన్నా ఎక్కువ వద్దు.

మా మతం సంగతి కూడా ఒక మాట. ప్రవక్త మక్కాను విడిచి మదీనా చేరాడు. మదీనా ఆయన ఊరైంది. అక్కడే ఉండిపోయాడు, అక్కడే సమాధి అయ్యాడు. మక్కా ఆయనతో యుద్ధం చేసింది. అయినా ఆ ఊరి మీద ఆయన ప్రేమ పోలేదని ప్రతి ముసల్మాన్ బిడ్డా వింటూ పెరుగుతాడు. ఒక ఊరికి కట్టుబడి ఉంటూ, ఎదురుపక్షంలో ఉన్న ఇంకో ఊరి కోసం గుండె కొట్టుకోవడం మాకు కొత్త సంగతి కాదు.

మీరు అనవచ్చు: మామూలు రోజుల్లో సరే, యుద్ధం వచ్చినప్పుడు? సైనికులు చస్తున్నప్పుడు శత్రువు ఊరి మీద జాలి ఎట్లా? ఇది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. నా సైనికుడు గెలవాలనే నేను కోరుకుంటాను. ఓడరేవు కూలీ చావాలని కోరుకోలేను. ఎందుకంటే ఆ కూలీ పక్కన నేను రైల్లో కూర్చున్నాను. ముఖం తెలియని ఊరు తగలబడితే చప్పట్లు కొట్టడం తేలిక. ఒక్క ముఖం తెలిసినా చెయ్యి లేవదు. అట్లా చెయ్యి లేవనివాళ్లు రెండు దేశాల్లోనూ ఉండడం వల్ల ఎవరికి నష్టం? 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్‌లో 26 మందిని కాల్చి చంపినవాళ్లు ఎవరి ముఖమూ చూడలేదు, మతం చూశారు. ఆ హంతకులను నేను అసహ్యించుకుంటున్నాను. చూడండి, ఈ వాక్యం రాసేటప్పుడు నాకో అనుమానం. మనసులో ఉంది కాబట్టి రాశానా, రాయకపోతే ఏమనుకుంటారోనని రాశానా? రెండూను. మనస్ఫూర్తిగా అన్న మాట కూడా సంజాయిషీలాగా వినపడడం, మాకు జరిగిన నష్టాల్లో ఒకటి.

ముస్లిం మిత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. ఊరిని ప్రేమించడం అంటే ఆ రాజ్యాన్ని మెచ్చుకోవడం కాదు. నేను వెళ్లినప్పుడు అక్కడ సైనిక పాలన. అక్కడి హిందువు, క్రైస్తవుడు, అహ్మదీ ఎట్లా తల వంచుకుని బతుకుతున్నారో చూస్తే మన కథ మనకే ఇంకో బట్టలో కనిపిస్తుంది. కరాచీలో ఉన్న ఒక హిందువు వారణాసిని తలచుకుంటే అతని మీద పడే చూపు, నా మీద పడే చూపు ఒకటే. నా కోసం అడిగే హక్కు అతని కోసం కూడా అడగకపోతే నాది న్యాయం కాదు, స్వార్థం.

ఆ బిస్కెట్ల సంగతి చూడండి. కరాచీ బేకరీని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర పెట్టింది ఖాన్‌చంద్ రామ్‌నానీ అనే సింధీ హిందువు. విభజనలో ఉన్న ఊరు వదిలి వచ్చినవాడు. పోగొట్టుకున్న ఊరి పేరు దుకాణానికి పెట్టుకున్నాడు. అక్కడ మామూవాళ్లు బస్తీకి హైదరాబాద్ అని పేరు పెట్టుకున్నట్టే. రెండు బోర్డుల మీదా ఉన్నది ఒకటే దుఃఖం. 2019లో పుల్వామా తరువాత బెంగళూరులో ఆ బేకరీ బోర్డు మీద 'కరాచీ' అనే మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ బోర్డు మీద కొందరు కర్రలతో పడ్డారు. ఆ పేరు మా సొంతం కాదు, ఒక హిందువు కన్నీళ్లు. అది కూడా సహించలేకపోయారు. అంటే కోపం ముసల్మాన్ మీద మాత్రమే కాదు, జ్ఞాపకం మీద.

పట్టాలు కూడా అట్లాగే పోయాయి. ఖోఖ్రాపార్ దారి 1965 యుద్ధంతో మూసుకుంది. 2006లో థార్ ఎక్స్‌ప్రెస్‌గా తెరుచుకుంది. 2007 ఫిబ్రవరిలో సంఝౌతాలో పానిపట్ దగ్గర బాంబులు పేలి డెబ్బై మంది దాకా కాలిపోయారు. 2019లో రెండు రైళ్లూ ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో అటారీ గేటు కూడా మూశారు. మామూ 1993లో పోయాడు. అమ్మీ 2004లో. మళ్లీ చూసుకోలేదు.

నన్ను నేను కూడా అడుక్కున్నాను. నేను ప్రేమించింది కరాచీనా, నా ఇరవై ఒక్క ఏళ్లనా? సర్క్యులర్ రైల్వే 1999లో ఆగింది. మళ్లీ కొంత నడిపారని విన్నాను. మేడ్చల్ మీటర్‌గేజ్ పట్టాలు పీకి పెద్దపట్టాలు వేశారు. ద్రాక్ష పందిళ్ల చోట ప్లాట్లు, ఫంక్షన్ హాళ్లు. శామీర్‌పేట చెరువు చుట్టూ రిసార్టులు. నా మేడ్చల్ కూడా ఇప్పుడు లేదు. అయినా మేడ్చల్ నాది కాదని నేనంటానా? ప్రేమలో మన వయసు కలిసి ఉంటుంది. అంతమాత్రాన అది అబద్ధం కాదు.

ఇక ఆ హోటల్ సంగతి. నెల రోజులు తన్నుకలాడాను. ఒకరోజు దోస్తును ఒంటరిగా ఎం.ఎం.టి.ఎస్. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మీ, మామూ, రెండో హైదరాబాద్, సింధులో పది పైసలు, అన్నీ. నా లోపల ఒక ఉపన్యాసం కూడా సిద్ధంగా ఉంది. పైన రాసిందంతా అదే. అతను కోప్పడితే చెప్పాలనుకున్నాను.

అతను కోప్పడ్డాడు. కానీ నేననుకున్నదానికి కాదు.

"నలభై ఏండ్ల దోస్తానా. మా నాయన సచ్చిననాడు నువ్వు పాడె పట్టినవు. నా కొడుకు పోతడంటె ఏర్‌పోర్టు దాంక వచ్చినవు. గింత ముచ్చట కడుపుల వెట్టుకొని ఒక్కనాడన్న చెప్పకపోతివి. నేనేం జేస్తననుకున్నవ్‌రా?" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లూ నన్ను అనుమానిస్తున్నారని బాధపడ్డాను. నేను అతన్ని అనుమానించిన సంగతి గమనించలేదు. నా భయానికి కారణాలున్నాయి. అవి నేను కల్పించుకున్నవి కాదు. మఫ్టీ మనిషి నిజం, శంషాబాద్ కర్రలు నిజం. కానీ ఆ భయాన్ని అతని ముఖానికి అంటగట్టింది నేనే. బిస్కెట్ల మాట అన్నందుకు అతను తప్పుకున్నాడని కాదు. "ఆ పొద్దుగాల నేనన్నది గూడ మంచిగ లేదు తియ్యి" అని తనే అన్నాడు. మాలో ఎవరు ముందు నోరు విప్పాలి అనేది న్యాయంగా అడిగితే, బలమున్నవాడే విప్పాలి, భయపడేవాణ్ని ముందు అడగకూడదు. అయినా ఎవరో ఒకరు విప్పాలి కదా. అందుకే ఈ వ్యాసం.

రైలు వచ్చింది. ఎవరూ ఎక్కలేదు మాలో. అది వెళ్లిపోయాక దోస్తు అడిగాడు:

"మీ మామ గాడ పప్పు కొల్సుకుంట లాభం అనెటోడా నిజంగ?"

"అనెటోడు."

"మరి చెర్వు సంగతి ఏం జెప్పినవ్ ఆయనకు?"

ఆ యేడు అలుగు పారలేదు. మామూకు మాత్రం పారిందని చెప్పాను. నేనాడిన అబద్ధాల్లో నాకు సిగ్గనిపించనిది అదొక్కటే.